గ్లోబ్ (ఓడ)

గ్లోబ్ 17వ శతాబ్ది తొలి భాగంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ తరఫున నడచిన తెరచాపల వర్తక నౌక. 1611 ఆగస్టులో ఈ ఓడ పెద్దపల్లి (నేటి నిజాంపట్నం), మచిలీపట్నం రేవులకు చేరింది. ఆంధ్ర తీరంలో ఇంగ్లీషు కంపెనీ వర్తకం ఈ రాకతోనే ఆరంభమయింది. 1611 నుండి 1615 వరకు సాగిన ఈ ప్రయాణాన్ని కంపెనీ చరిత్రలో "ఏడవ సముద్రయానం" అంటారు. ఈ యాత్రలోనే గ్లోబ్ గోదావరి పాయలో ప్రవేశించి, నరసాపురం వద్ద నెలల తరబడి మరమ్మతులో ఉన్నది. ఓడలోని ప్రధాన వర్తకుడు పీటర్ ఫ్లోరిస్ వ్రాసుకొన్న దినచర్య ఆనాటి తీరాంధ్ర వర్తకానికి, రేవు పాలనకు, 1614 నాటి గోదావరి వరదకు విలువైన ఆధారం.

గమనిక: ఆనాటి ఇంగ్లీషువారి పాత పంచాంగం నేటి పంచాంగం కంటే పది రోజులు వెనుకబడి ఉండేది. వారి సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. అందువలన ఓడ బయలుదేరిన సంవత్సరం కొన్ని పుస్తకాలలో 1610 అని, కొన్నింటిలో 1611 అని కనిపిస్తుంది. ఈ వ్యాసంలో తేదీలు పాత పంచాంగం ప్రకారమే ఉన్నవి. సంవత్సరాలను మాత్రం జనవరి నుండి లెక్కించడమైనది.

నేపథ్యం

1600లో ఏర్పడిన ఇంగ్లీషు కంపెనీ మొదటి ఓడలు మిరియాలు, ఇతర సుగంధ ద్రవ్యాల కోసం జావా ద్వీపంలోని బాంటమ్‌కు వెళ్ళేవి. ఆ దీవుల ప్రజలకు ఇంగ్లండు ఉన్నిబట్టలతో పని లేదు. వారు కోరుకొన్నది కోరమండల్ తీరపు నూలుబట్టలు. ఈ సంగతిని ముందుగా గ్రహించిన డచ్చి కంపెనీ 1606లో పెద్దపల్లిలోను, మచిలీపట్నంలోను, 1610లో పులికాట్‌లోను వర్తక స్థావరాలను నెలకొల్పింది. తెలుగు నేత బట్టను కొని, దానిని తూర్పు దీవులలో అమ్మి, ఆ సొమ్ముతో మిరియాలు కొనడం వారి పద్ధతి.

పీటర్ విలియంసన్ ఫ్లోరిస్, లూకాస్ అంథూనిస్ అనే ఇద్దరు వర్తకులు డచ్చి కంపెనీలో పనిచేసి ఈ మర్మమంతా నేర్చుకొన్నారు. తరువాత వీరు ఇంగ్లీషు కంపెనీని ఆశ్రయించి, దాని గవర్నరు సర్ థామస్ స్మిత్‌తో ఒప్పందం చేసుకొన్నారు. ఆ ఒప్పందం ఫలితమే గ్లోబ్ ప్రయాణం. ఆంటోనీ హిప్పన్ ఓడకు కెప్టెనుగా నియమితుడయ్యాడు. నథానియేల్ మార్టెన్ అనే నావికుడు కూడా ఈ ప్రయాణాన్ని గూర్చి వేరొక వృత్తాంతం వ్రాశాడు.

ఇంగ్లండు నుండి పులికాట్ వరకు

గ్లోబ్ 1611 ఫిబ్రవరి 5న ఇంగ్లండు తీరాన్ని విడిచింది. మే నెలలో ఆఫ్రికా దక్షిణ కొనకు చేరువలోని సల్దానియా (నేటి టేబుల్ బే) వద్ద ఆగి, ఆగస్టు మొదట్లో సింహళ ద్వీపాన్ని దాటి, ఆగస్టు 9న పులికాట్ ముందు లంగరు వేసింది.

పులికాట్ ఆ కాలంలో విజయనగర రాజైన వెంకటపతి రాయల ఏలుబడిలో ఉండేది. ఫ్లోరిస్, అతని తోటివాడు ఒడ్డుకు వస్తుండగా అలల తాకిడికి పడవ తలక్రిందులయింది. ప్రాణనష్టం జరగలేదు. రేవు అధికారియైన షాబందరు వారిని ఆదరించి, బస చూపించాడు. అయితే డచ్చివారి అధికారి వాన్ వెసిక్ వచ్చి, తమ రాజకుమారుడైన మారిస్ అనుమతి పత్రం లేని ఐరోపావారెవరూ ఇక్కడ వర్తకం చేయరాదని వెంకటపతి రాయలు ఇచ్చిన కౌలును చూపించాడు. తమకు ఇంగ్లండు రాజు ఆజ్ఞ ఉన్నదని ఫ్లోరిస్ బదులు చెప్పాడు. ఊరి పాలన చూస్తున్న కొండమ్మ అనే స్త్రీ వచ్చినా ఫలితం లేకపోయింది. గ్లోబ్ ఉత్తరానికి సాగిపోయింది.

పెద్దపల్లి, మచిలీపట్నం

పెద్దపల్లి, మచిలీపట్నం రేవులు గోల్కొండ కుతుబ్‌షాహీ సుల్తానుల రాజ్యంలోనివి. ఆగస్టు 20 ప్రాంతంలో గ్లోబ్ పెద్దపల్లి చేరింది. నూటికి మూడు వంతుల సుంకం చెల్లించే షరతుపై అక్కడి అధికారి కౌలు ఇచ్చాడు. అంథూనిస్ సరుకుతో అక్కడ దిగాడు. ఓడ నిలపడానికి మచిలీపట్నం మేలైనది కాబట్టి ఫ్లోరిస్ ఓడతో పాటు ఆగస్టు చివరి రోజున మచిలీపట్నం చేరాడు.

పెద్దపల్లి ప్రాంతం చిరివేరు రంగుకు పేరుపొందినది. చిరివేరు అనే మొక్క వేళ్ళ నుండి తీసే ఈ ఎరుపు రంగు ఎన్ని ఉతుకులకైనా వెలిసిపోదు. ఈ రంగు అద్దిన బట్టలకు తూర్పు దీవులలో మంచి గిరాకీ ఉండేది. ఫ్లోరిస్ బృందం ఇటువంటి బట్టలను ముందుగా బయానా ఇచ్చి నేయించి, రంగు వేయించి ఓడకు ఎక్కించింది. ఒడ్డున ఓడ ఆనేటంత లోతు లేనందున ప్రతి మూటనూ చిన్న పడవలలో చేరవేయవలసి వచ్చేది.

రేవు పాలన గుత్త పద్ధతిలో సాగేది. సుల్తానుకు ఏటా ఇంత సొమ్ము చెల్లిస్తానని ఒప్పుకొన్నవారు రేవుపై అధికారం పొంది, ఆ సొమ్మును, దానిపై లాభాన్ని వర్తకుల నుండి రాబట్టుకొనేవారు. బట్ట, సీసం ధరల విషయంలో ఫ్లోరిస్‌కు రేవు అధికారితో తగాదా వచ్చింది. ఇంతలో 1612 జనవరిలో సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్‌షా మరణించాడు. అల్లర్లు చెలరేగుతాయని అందరూ భయపడ్డారు. కాని మంత్రి మీర్ మోమిన్ నేర్పు వలన సుల్తాను సోదరుని కుమారుడు మహమ్మద్ కుతుబ్‌షా ప్రశాంతంగా సింహాసనమెక్కాడు. తగాదా పూర్తిగా తీరకుండానే గ్లోబ్ తూర్పునకు బయలుదేరింది.

పటానీ, సయాం

గ్లోబ్ 1612 ఏప్రిల్ 26న బాంటమ్ చేరి, అక్కడ నుండి జూన్ నెలలో మలయ ద్వీపకల్పంలోని పటానీ రేవుకు వెళ్ళింది. పటానీని ఆ కాలంలో రాజా హిజావు అనే రాణి పాలించేది. అక్కడ వర్తక స్థావరం నెలకొల్పడానికి రాణి అనుమతించింది. కాని వచ్చిన కొద్దికాలానికే, జూలైలో, కెప్టెన్ హిప్పన్ మరణించాడు.

ఆగస్టులో ఓడ సయాం (నేటి థాయిలాండ్) చేరింది. అంథూనిస్, అతని సహచరులు అయుథయ నగరంలో రాజును దర్శించి, ఇంగ్లండు రాజు మొదటి జేమ్స్ లేఖను అందజేశారు. థాయిలాండు, బ్రిటన్ దేశాల సంబంధాలకు దీనినే ఆరంభంగా లెక్కించి, 2012లో 400 సంవత్సరాల ఉత్సవాలు జరిపారు. ఆ రాయబారాన్ని మోసుకువెళ్ళిన ఓడలో అమ్మకపు సరుకు చాలావరకు తెలుగు సాలెల నేత అన్నది గమనింపదగిన విషయం.

అయితే అమ్మకాలు ఆశించినట్లు సాగలేదు. నాలుగేళ్ళ క్రితం ఎంత బట్ట తెచ్చినా చాలనట్లుండిన గిరాకీ ఇప్పుడు లేదని ఫ్లోరిస్ వాపోయాడు. డచ్చివారు, ఇతర వర్తకులు అదే సరుకును విరివిగా దించడం ఇందుకు ముఖ్య కారణం. 1613 అక్టోబరు వరకు పటానీలో గడిపి, గ్లోబ్ తిరిగి ఆంధ్ర తీరానికి మరలింది.

నరసాపురంలో మరమ్మతు

1613 డిసెంబరు 19న గ్లోబ్ మచిలీపట్నం చేరేసరికి, దానికి తోడుగా కంపెనీ పంపిన జేమ్స్ అనే ఓడ అక్కడ ఉన్నది. రేవులో అధికారులు మారారు. కొత్త అధికారి కుమారుడు వెంకటాద్రి, షాబందరు, మరికొందరు పెద్దలు ఫ్లోరిస్‌కు ఎదురువచ్చి, వస్త్రాలు, ఒక గుర్రం బహూకరించారు. ఈ ఆదరం వెనుక ఏదో మోసం ఉన్నదని శంకించి ఫ్లోరిస్ మొదట వాటిని తిరస్కరించినా, వారి బలవంతం మీద స్వీకరించాడు. ఈసారి నూటికి నాలుగు వంతుల సుంకానికి కౌలు కుదిరింది.

మూడేళ్ళ ప్రయాణంలో ఓడ అడుగుభాగం బాగా చెడిపోయింది. ఉష్ణమండల సముద్రాలలో ఒక విధమైన పురుగు కొయ్యను లోపలి నుండి తొలిచివేస్తుంది. దీనికి విరుగుడుగా ఓడ అడుగున రెండవ వరుస పలకలు తొడిగేవారు. అవి దెబ్బతిన్నప్పుడు ఓడను ఒక ప్రక్కకు ఒరిగించి, పాత పలకలు ఊడదీసి, కొత్తవి దిగగొట్టాలి. మచిలీపట్నం వంటి బయలు రేవులో ఈ పని అసాధ్యం. అలలు లేని నదీపాయ, మంచి కలప, ఇనుము, పనితనం గల వడ్రంగులు ఒకచోట ఉండాలి. ఇవన్నీ నరసాపురంలో లభించేవి. ఎగువ అడవుల కలప గోదావరిపై తేలుతూ వచ్చేది. 1670వ దశకంలో ఈ తీరాన్ని చూచిన థామస్ బౌరీ కూడా ఇక్కడి కలపను, ఇనుమును, ఓడల నిర్మాణాన్ని ప్రశంసించాడు.

అసలు చిక్కు నదిలోకి ప్రవేశించడమే. గోదావరి వశిష్ఠ పాయ అంతర్వేది వద్ద సముద్రంలో కలుస్తుంది. ముఖద్వారంలో ఇసుకమేట అడ్డుగా ఉంటుంది. పెద్ద ఓడకు అక్కడ చాలినంత నీరు ఉండదని కొందరు చెప్పిన మాట అబద్ధమని, ఓడ సురక్షితంగా లోపలికి వెళ్ళిందని ఫ్లోరిస్ వ్రాశాడు. 1614 జనవరిలో అలా నదిలోకి చేరిన గ్లోబ్ మరల అక్టోబరు 4న గాని ఇసుకమేట దాటి సముద్రంలోకి రాలేదు. ఈ మధ్యకాలంలో ఓడకు అడుగున కొత్త పలకలు తొడిగారు. ఈ పని చేసిన వడ్రంగుల, కమ్మరుల పేర్లు దినచర్యలో లేవు.

1614 గోదావరి వరద

ఓడ నరసాపురంలో ఉండగానే, 1614 ఆగస్టులో గోదావరికి భారీ వరద వచ్చింది. 29 ఏళ్ళలో అంతటి వరద రాలేదని చెప్పుకొన్నారట. గుట్టలుగా పోసిన ఉప్పు, వరి, ఎన్నో ఊళ్ళు కొట్టుకుపోయాయని, వేలాది మనుషులు, పశువులు మరణించారని, రహదారులపై మూడు గజాలకు మించి నీరు నిలిచిందని ఫ్లోరిస్ పేర్కొన్నాడు.

అదే సమయంలో గోల్కొండలో నాలుగు వేలకు పైగా ఇళ్ళు పోయాయని, 19 కమానులు ఒకటి, 15 కమానులు ఒకటిగా ఉన్న రెండు రాతి వంతెనల మీదుగా నీరు ప్రవహించిందని, పెద్ద వంతెనలో ఆరు కమానులు కొట్టుకుపోయాయని కూడా అతడు వ్రాశాడు. గోల్కొండ నదిని అతడు గోదావరి పాయగా పొరబడ్డాడు. నిజానికి అక్కడ పారే మూసీ కృష్ణకు ఉపనది. ఈ పొరపాటు ఉన్నప్పటికీ, ధవళేశ్వరం ఆనకట్టకు (1852లో పూర్తయినది) రెండు శతాబ్దాలకు పైగా ముందు డెల్టాలో వచ్చిన వరదను వర్ణించిన సమకాలిక రచనగా ఇది ముఖ్యమైనది.

వెంకటపతి రాయల ఆహ్వానం

1614 జూలై చివరలో వెంకటపతి రాయల వద్ద నుండి నలుగురు దూతలు ఫ్లోరిస్ వద్దకు వచ్చారు. వారు బంగారు రేకుపై వ్రాసిన రాజు లేఖను, కౌలును, చందనంతో రాజు అరచేతి ముద్ర వేసిన తెల్లని వస్త్రాన్ని తెచ్చారు. జగ్గరాజు మొదలైనవారి లేఖలు కూడా ఉన్నాయి. పులికాట్‌లో ఇంగ్లీషువారికి జరిగిన నిరాకరణకు చింతిస్తూ, ఇష్టమైన చోట ఇల్లు గాని, కోట గాని కట్టుకొమ్మని రాజు ఆహ్వానించాడు. ఫ్లోరిస్‌కు ఒక పట్టణపు ఆదాయాన్ని కూడా ప్రసాదించాడు. ఏటేటా ఇంగ్లీషు ఓడలు తమ రేవులను దాటి పోతుండగా తమకు లాభం లేకపోతున్నదని ప్రజలు మొరపెట్టుకోవడం ఇందుకు కారణమని దూతలు చెప్పారు.

ఓడ నది నుండి బయటపడేవరకు ఫ్లోరిస్ దూతలను తన ఖర్చుతో నిలిపి ఉంచాడు. కాని అక్టోబరులోనే వెంకటపతి రాయలు మరణించాడనీ, ముగ్గురు భార్యలు సహగమనం చేశారనీ వార్త వచ్చింది. రాజు 50 ఏళ్ళు పాలించాడని ఫ్లోరిస్ వ్రాసినా, ఆయన పాలనాకాలం 1586 నుండి 1614 వరకు మాత్రమే. తరువాత విజయనగర రాజ్యంలో వారసత్వ యుద్ధం చెలరేగడంతో ఈ ఆహ్వానం అక్కరకు రాలేదు.

బాకీల తగాదా, వెంకటాద్రి నిర్బంధం

ఓడ సిద్ధమయ్యేసరికి రేవు అధికారి, స్థానిక వర్తకులు ఫ్లోరిస్‌కు బాకీ పడి ఉన్నారు. గోల్కొండ దర్బారుకు విన్నవించినా సొమ్ము రాలేదు. తూర్పు గాలులు వీచే కాలం దాటితే ఓడ మరొక ఏడాది నిలిచిపోతుంది. బాకీదారులకు ఈ సంగతి బాగా తెలుసు. వాయిదాలు వేయడమే వారికి లాభం.

1614 నవంబరు 21, సోమవారం, అమావాస్య. సోమవారంతో కూడిన అమావాస్య నాడు జనులంతా సముద్ర స్నానం చేశారని, బ్రాహ్మణులు, కోమట్లు కూడా అందులో ఉన్నారని దినచర్య చెబుతుంది. ఆ వారంలోనే ఫ్లోరిస్ తన పథకాన్ని అమలు చేశాడు. తుపాకులను తెరచాప గుడ్డలలో చుట్టి సుంకపు చావడికి చేర్పించాడు. అధికారి కుమారుడైన వెంకటాద్రి అక్కడకు వచ్చినప్పుడు అతనిని పట్టుకొని, వేలాది మంది చూస్తుండగా పడవలో ఓడకు తీసుకుపోయాడు. ఒడ్డున ఉన్న తన మనుషులకు హాని జరిగితే బందీని ఉరితీస్తానని బెదిరించాడు. డచ్చి అధికారి మధ్యవర్తిగా వచ్చినా లొంగలేదు.

వెంకటాద్రి బ్రాహ్మణుడు. స్వయంపాకం తప్ప ఇతరుల చోట అన్నపానాలు ముట్టనివాడు కావడంతో ఓడలో ఉపవాసం ఉన్నాడు. జాలిపడిన ఫ్లోరిస్, ఇద్దరు పేరున్న ముస్లిం ప్రముఖులు బందీలుగా వస్తే అతనిని విడిచిపెడతానన్నాడు. ఎవరూ ముందుకు రాలేదు. చివరకు తండ్రి తన బాకీని, ఇతరుల బాకీలలో చాలావరకును చెల్లించాడు. నవంబరు చివరికి వెంకటాద్రి విడుదలయ్యాడు.

ఈ ఘటనలో రెండు వైపులా తప్పున్నది. అప్పు ఎగవేయడానికి రేవు అధికారి తన పదవిని వాడుకొన్నాడు. వర్తకుడు న్యాయస్థానాన్ని కాదని, తుపాకిని, పరాయివాని కుమారుని ప్రాణాన్ని వాడుకొన్నాడు. ఒడ్డున ఎంత అధికారమున్నా, సముద్రంపై లంగరు వేసిన ఓడను పట్టుకోగల నౌకాబలం గోల్కొండ రేవు అధికారులకు లేదని ఈ సంఘటన తేటతెల్లం చేసింది.

తిరుగు ప్రయాణం, తరువాతి కాలం

1614 డిసెంబరులో గ్లోబ్ మచిలీపట్నం విడిచి, 1615 జనవరిలో బాంటమ్ చేరింది. అక్కడ సరుకు నింపుకొని ఫిబ్రవరిలో బయలుదేరి, జూన్‌లో సెయింట్ హెలీనా ద్వీపాన్ని దాటి, ఆగస్టులో ఇంగ్లండు చేరింది. మూలధనంపై నూటికి 218 వంతుల లాభం వచ్చినట్లు కంపెనీ లెక్కలు తెలుపుతున్నవి. ఇది నాలుగున్నరేళ్ళ ప్రయాణం మీద వచ్చిన మొత్తం. ఫ్లోరిస్ ఈ లాభాన్ని ఎక్కువకాలం అనుభవించలేదు. ఓడ చేరిన కొద్ది వారాలకే లండనులో మరణించాడు.

1616లో బెంజమిన్ జోసెఫ్ నాయకత్వంలో సూరతుకు బయలుదేరిన కంపెనీ ఓడలలో గ్లోబ్ పేరు కనిపిస్తుంది. ఆగస్టులో కొమొరో దీవుల వద్ద ఈ ఓడలకు, ఒక పెద్ద పోర్చుగీసు నౌకకు యుద్ధం జరిగింది. పోర్చుగీసు నౌకను మొదట సమీపించి, దాని ఫిరంగుల దెబ్బ తిన్నది గ్లోబ్ అని మతాచార్యుడు ఎడ్వర్డ్ టెర్రీ తన గ్రంథంలో వ్రాశాడు. ఈ పోరులో జోసెఫ్ మరణించాడు. పోర్చుగీసు నౌక తీరానికి కొట్టుకొని నాశనమయింది.

ఫ్లోరిస్ దినచర్యలోని భాగాలను శామ్యూల్ పర్చాస్ 1625లో ప్రచురించాడు. పూర్తి పాఠం డబ్ల్యు. హెచ్. మోర్లాండ్ సంపాదకత్వంలో 1934లో హక్లూట్ సొసైటీ ద్వారా వెలువడింది.

దినచర్యలోని స్థానిక పదాలు

ఫ్లోరిస్ విన్న మాటలను తనకు తోచిన వర్ణక్రమంలో వ్రాశాడు. తెలుగు పాఠకులు వీటిని సులభంగా గుర్తించగలరు.

* కౌల్ – కౌలు. రాజు గాని, అధికారి గాని ఇచ్చే అభయ పత్రం, వర్తక అనుమతి. నేడు ఈ మాట ఎక్కువగా భూమి కౌలుకు వాడుకలో ఉన్నది.
* అబెస్టియం – అభయహస్తం. చందనంతో అరచేతి ముద్ర వేసిన వస్త్రం.
* కోమెటిస్ – కోమట్లు.
* కొండమా – కొండమ్మ.
* వెంటకాద్రా – వెంకటాద్రి.
* నరసాపూర్ పేటా – నరసాపురం పేట.

ప్రాధాన్యం

గ్లోబ్ రాకతో మచిలీపట్నంలో ఏర్పడిన స్థావరం భారతదేశపు తూర్పు తీరంలో ఇంగ్లీషువారి మొదటి స్థావరం. 1632లో గోల్కొండ సుల్తాను వారికి "బంగారు ఫర్మానా" ఇచ్చాడు. 1630వ దశకంలో వీరవాసరంలోను, తరువాత నరసాపురం ప్రక్కన ఉన్న మాధవాయిపాలెంలోను వారి స్థావరాలు వెలిశాయి. మాధవాయిపాలెం పేరు "మడపొల్లం" అనే బట్ట పేరుగా ఇంగ్లీషు నిఘంటువులకెక్కింది. డచ్చివారు పాలకొల్లులో స్థిరపడ్డారు.

ఈ వర్తకమంతా స్థానిక వణిజుల మీద ఆధారపడినది. 1618 నుండి 1622 వరకు మచిలీపట్నంలో పనిచేసిన విలియం మెత్వోల్డ్, కోమట్లు పల్లెలు తిరిగి సాలెల వద్ద బట్టలు సేకరించి, రేవు పట్టణాలలో విదేశీ వర్తకులకు పెద్ద మొత్తాలలో అమ్ముతారని వ్రాశాడు. ఈ సమాజానికి ఆరాధ్యదైవమైన వాసవీ కన్యకాపరమేశ్వరి క్షేత్రం పెనుగొండ. పెనుగొండ, పాలకొల్లు, వీరవాసరం, నరసాపురం నాలుగూ పశ్చిమ డెల్టాలోనివే. పల్లెలో మగ్గం మీద నుండి దిగిన బట్ట కోమటి మూటలో రేవు చేరి, అక్కడ నుండి పటానీ వరకు పోయేది.

కంపెనీ పుస్తకాలలో గ్లోబ్ పేరు ప్రక్కన మిగిలినది 218 అనే అంకె. ఆ లాభానికి మూలమైన బట్ట నేసినవారు, రంగు అద్దినవారు, మూటలు మోసినవారు, గోదావరి ఒడ్డున ఓడను ఒరిగించి ఇల్లు చేరేటట్లు బాగుచేసినవారు తెలుగువారు. ఫ్లోరిస్ దినచర్య వారి పేర్లు చెప్పకపోయినా, వారి పనిని మాత్రం తేదీలతో సహా నమోదు చేసింది.